తీరిక వేళ: రెండు మిల్లీమీటర్ల ఎత్తు

గత సంచికలో గోడ గడియారాల మరమ్మతును గురించి ముచ్చటిస్తూ, ఈ సంచికలో ప్లాస్టిక్ నమూనా వాహనాల నిర్మాణాన్ని గురించి వ్రాయగలమని పాఠక మిత్రులకు మాట ఇచ్చి ఉన్నాము. కొందరు మిత్రులు అప్పుడే నవ్వి, "పదవీ విరమణ దగ్గరపడుతున్న వేళ బొమ్మ లారీలా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానం కూడా ఈ వ్యాసంలోనే ఉన్నది. కొంచెం ఓపిక పట్టవలసిందిగా మనవి.

నమూనా అనగా పిల్లల ఆటబొమ్మ కాదు. అసలు వాహనం కొలతలన్నిటినీ ఒకే నిష్పత్తిలో తగ్గించి చేసిన ప్రతిరూపం. ఈ అభిరుచి రెండవ ప్రపంచ యుద్ధానంతరం అమెరికాలో బాగా వ్యాప్తి చెందినది. కొత్త కార్ల ప్రచారానికై విక్రయశాలలవారు వాటి చిన్న ప్రతిరూపాలను చేయించి ఉంచేవారు. మిషిగన్ రాష్ట్రంలో 1948లో స్థాపితమైన ఏ.ఎం.టి. సంస్థ వంటివి వీటిని 25వ వంతు పరిమాణంలో తయారుచేసేవి. తొలినాటి ప్రతిరూపాలను సెల్యులోజ్ ఎసిటేట్‌తో పోసినందున కొన్నేళ్లకే అవి వంకరపోయేవి. పాలిస్టైరీన్ వాడుకలోకి వచ్చిన పిదప ఆ బాధ తప్పినది. 1958లో ఆ సంస్థ ఒకే పెట్టెలోని భాగాలతో మూడు విధాలుగా కట్టుకోదగిన కారును విడుదల చేసింది. కర్మాగారం నుంచి వచ్చినట్లే కట్టవచ్చు, పందెపు కారుగా కట్టవచ్చు, లేదా సొంతదారు తన ముచ్చట కొద్దీ మార్పించుకున్న కారుగానూ కట్టవచ్చు. జపానులోని షిజుఓకా నగరంలో 1946లో కలప వ్యాపారంగా మొదలైన టామియా సంస్థ తరువాతి కాలంలో ఈ రంగంలో పేరెన్నికగన్నది.

25తో పాటు 24వ వంతు పరిమాణం కూడా ప్రచారంలో ఉన్నది. అడుగుకు అర అంగుళం అన్నది దీని లెక్క. మేము ఎంచుకున్నది ఇదే. ఈ పరిమాణంలో ఇంజనీరుకు వినోదం కలిగించే లెక్కలు అనేకం. పొడవు 24వ వంతు అయితే వైశాల్యం 576వ వంతు, ఘనపరిమాణం 13,824వ వంతు అవుతుంది. 5 టన్నుల ఖాళీ లారీ బరువును ఇదే లెక్కన తగ్గిస్తే సుమారు 360 గ్రాములు. లారీ బాడీకి వాడే అంగుళం మందపు పలకకు ఒక మిల్లీమీటరు ప్లాస్టిక్ రేకు సరిగ్గా సరిపోతుంది. కాని ఒక మిల్లీమీటరు మందపు ఇనుప తలుపు నమూనాలో 0.04 మిల్లీమీటరు కావాలి. అది చేతికి నిలవదు. కనుక తలుపును మందంగానే ఉంచి, కంటికి కనబడే అంచును మాత్రం ఆకురాయితో ఏటవాలుగా అరగదీస్తారు. రంగు విషయమూ అంతే. అసలు వాహనపు రంగునే నమూనాకు పూస్తే చూపరులకు ముదురుగా తోస్తుంది. కొంచెం తెలుపు కలిపితేనే సరియైన రంగుగా కనబడుతుంది. లెక్క ప్రకారం తప్పు చేస్తేనే కంటికి ఒప్పు అవుతుందన్నమాట.

మేము కట్టదలచినది విదేశీ కారు కాదు. మన సంస్థ స్టోర్సు విభాగంలో 1983 నుంచి 2003 వరకు పనిచేసిన టాటా లారీని కట్టదలచాము. అటువంటి లారీకి పెట్టెలో దొరికే భాగాలు లేవు. కాబట్టి ప్లాస్టిక్ రేకులు, పట్టీలు, కడ్డీలు తెప్పించుకుని సమస్తమూ కోసి కట్టవలసి వచ్చింది. అసలు లారీ ఏనాడో తుక్కు క్రింద వేలంలో పోయింది. అందువలన విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లి, అదే తరగతికి చెందిన పాత లారీ నొకదానిని టేపుతో కొలిచి తెచ్చుకున్నాము. ఇరుసుల మధ్య దూరం 4,225 మిల్లీమీటర్లు, నమూనాలో 176. టైరు ఎత్తు సుమారు 1,020 మిల్లీమీటర్లు, నమూనాలో 42.5.

ఆటోనగర్‌లో బాడీలు కట్టే మేస్త్రీలను చూచినప్పుడు ఒక సంగతి స్ఫురించింది. ఆ రోజుల్లో కర్మాగారం నుంచి చాలా లారీలు ఛాసిస్, ఇంజను, ముందు భాగపు రేకు మాత్రమే కలిగి వచ్చేవి. క్యాబిన్, వెనుక పలకల బాడీ, రంగులు, అద్దం మీది పేరు, దిష్టికి కట్టే నల్లత్రాడు, ఇవన్నీ సొంతదారు ఇష్టప్రకారం ఇక్కడ అమరేవి. అమెరికా యువకులు ముచ్చటపడి కార్లను మార్పించుకుంటే, మన దేశంలో ప్రతి లారీ పుట్టుకతోనే అట్టి మార్పులతో రోడ్డెక్కినదన్నమాట.

ఇక నిర్మాణ విధానం. పాలిస్టైరీన్‌ను అతికే ద్రావకం జిగురు వంటిది కాదు. అది రెండు అంచులనూ కరిగించి ఒకటి చేస్తుంది. ద్రావకం ఆరిపోయాక మిగిలేది అతుకు కాదు, ఒకే ప్లాస్టిక్. కనుక మనకు తెలిసిన పనులలో దీనికి వెల్డింగే దగ్గరి చుట్టం. ద్రావకం ఎక్కువైతే పలుచని రేకు మెత్తబడి వంగుతుంది. కుంచె కొనతో సందులోకి ఒక్క చుక్క వదిలితే చాలు, అదే పాకుతుంది. గదిలో గాలి ధారాళంగా ఆడాలి. మా శ్రీమతి ఈ వాసన భరించలేక మా బల్లను వరండాలోకి సాగనంపిన సంగతిని ఇక్కడ మనవి చేయక తప్పదు.

సందులు పూడ్చడానికి ప్లాస్టిక్ తునకలనే ద్రావకంలో నానవేసి ముద్ద చేసుకున్నాము. కొండపల్లి బొమ్మల పనివారు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి మక్కు చేసి, దానితోనే బొమ్మల చేతులూ కాళ్లూ అతుకుతారు. పొట్టు కలిసినందున ఆ మక్కు కొయ్యకు దగ్గరి పదార్థమే అవుతుంది. మా ముద్దకూ, వారి మక్కుకూ సూత్రం ఒక్కటే. వస్తువుతో సజాతీయమైన పూడిక వస్తువుతో పాటే అరుగుతుంది, రంగు కూడా సమంగా పట్టుతుంది.

బాడీ పలకల మీద హాక్సా బ్లేడు పళ్లతో గీచి కొయ్య ఈనెలు తెప్పించాము. కమాను కట్టలను ఒక్కొక్క పట్టీగా కోసి పేర్చాము. ఆరు చక్రాలను నల్లని నైలాన్ కడ్డీ నుంచి పట్టణంలోని లేతు పనివాని చేత తిప్పించాము. నైలాన్‌ను మన ద్రావకం ముట్టదు గనుక సన్నని తీగె మేకులతో బిగించవలసి వచ్చింది. ముందు అద్దాన్ని తొందరపడి క్షణాల్లో అంటుకునే జిగురుతో అతికినాము. దాని ఆవిరి తగిలి తెల్లవారేసరికి అద్దం నిండా తెల్లని మసక క్రమ్మింది. దానిని తీసివేసి, కొత్త పారదర్శక రేకును వడ్రంగుల తెల్ల జిగురుతో అమర్చాము. బూడిదరంగు ప్రైమరు పూసిన తరువాత బయటపడిన గీతలను ఉప్పు కాగితంతో రుద్ది, పలుచని పొరలుగా రంగు వేశాము. మొత్తం ఏడు నెలలు పట్టింది. కొలతలలో ఎక్కడా అర మిల్లీమీటరు తేడా లేదని లోలోపల గర్వపడ్డాము.

ఆ లారీని ఇరవై సంవత్సరాలు నడిపిన డ్రైవరు ఇప్పుడు విశ్రాంత ఉద్యోగి. వయస్సు 75 దాటింది. నెలకొకసారి మందుల కోసం మన టౌన్‌షిప్ ఆసుపత్రికి వస్తారు. ఒకనాడు ఆయనను మా ఇంటికి ఆహ్వానించి, కాఫీ ఇచ్చి, నమూనాను బల్ల మీద ఉంచాము. ఆయన కళ్లద్దాలు సవరించుకుని చుట్టూ తిప్పి చూచారు.

"చాలా బాగుందండి సార్. కానీ ఇది మన బండి కాదండి. అప్పుడే షెడ్డులోంచి దింపిన కొత్త బండి."

మాకు కొంచెం చిన్నతనమనిపించింది. తేడా ఏమిటో చెప్పమని కోరాము. ఆయన వ్రేలితో చూపిస్తూ పోయారు. ఎడమ మడ్‌గార్డు మీద జానెడు అతుకు ఉండాలి. 1996 నవంబరు తుపానులో కోనసీమకు బియ్యం, టార్పాలిన్లు తీసుకుపోయినప్పుడు కొబ్బరిచెట్టు విరిగి దాని మీద పడింది. కుడివైపు క్రింది నుంచి మూడవ పలక మిగతావాటి రంగులో ఉండరాదు. అది మన వర్క్‌షాపు వడ్రంగి వేసిన వేప పలక. డ్రైవరు వైపు మెట్టు అంచు అరిగి లోపలికి వాలి ఉండాలి. ఎడమ వెనుక కమాను కట్ట కుడిదాని కంటె కొంచెం దిగి ఉండాలి. చివరకు తల వంచి క్యాబిన్ లోపలికి చూచారు.

"సీటు ఇంత కిందికి ఉంటే బానెట్టు అవతల రోడ్డు నాకు కనపడేది కాదండి. పొట్టివాణ్ణి కదా. అడుగున రెండంగుళాల చెక్క వేసుకున్నాను."

"ఎప్పుడు?" అని అడిగాము.

"బండి ఇచ్చిన మొదటి వారంలోనేనండి."

"మరి మాకెవరికీ చెప్పలేదేమండీ?"

"ఎవరూ అడగలేదండి. అయినా చెక్కతో పనైపోయింది కదండి."

ఆయన వెళ్లిపోయిన తరువాత చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాము. కారణం చెప్పుకోక తప్పదు. 1996 నాటి మడ్‌గార్డు మరమ్మతు కాగితం మీద కొత్తగా చేరిన ఇంజనీరుగా సంతకం చేసినది మేమే. దాని మీద "ఎడమ మడ్‌గార్డు, వెల్డింగు" అని తప్ప మరేమీ లేదు. 2003లో ఆ లారీ ఇక మరమ్మతుకు యోగ్యం కాదని నివేదిక వ్రాసినదీ మేమే. ఆ నివేదిక నకలు మా పాత డైరీలో ఇంకా ఉన్నది. తీసి చూచాము. ఇంజను, ఛాసిస్, బ్రేకులు, క్యాబిన్ అని వరుసగా గళ్లున్నాయి. వాటిలో ఒకటి డ్రైవరు సీటు. ఎదురుగా మా చేతివ్రాతతోనే "సంతృప్తికరం" అని ఉన్నది. ఆ సీటులో మేము ఒక్కసారి కూడా కూర్చుని చూడలేదు. తలుపు తెరిచి, క్రింద నిలబడి చూచి వ్రాశాము. చెక్క అప్పుడక్కడే ఉండి ఉండాలి. ఇరవై సంవత్సరాలు ఒక మనిషి తన ఎత్తుకు సరిపడని సీటును తానే సరిచేసుకుని నడిపితే, మా కాగితాలలో దానికొక అక్షరం ముక్క కూడా దక్కలేదు.

మరునాడు నమూనాను విప్పడం మొదలుపెట్టాము. ద్రావకంతో ఒకటైన ప్లాస్టిక్ ఊడదు. రంపంతో కోయవలసిందే. సీటును కోసి తీసి, అడుగున రెండు మిల్లీమీటర్ల రేకు వేసి తిరిగి అతికినాము. రెండు మిల్లీమీటర్లనగా అసలు లారీలో 48. రమారమి ఆయన చెప్పిన రెండంగుళాలే. మడ్‌గార్డుకు పలుచని అతుకు వేసి, దాని అంచున వెల్డింగు గీత పోలిక తెప్పించాము. మూడవ పలకకు ముదురు గోధుమరంగు పూశాము. మెట్టు అంచును అరగదీశాము. తుప్పును ఇష్టం వచ్చినట్లు చల్లక, నీరు నిలిచే చోట్ల, అనగా మడ్‌గార్డు అడుగున, పలకల బోల్టుల చుట్టూ, తలుపు క్రింది అంచున మాత్రమే అద్దాము. సుద్ద పొడితో చక్రాల మీద దుమ్ము పట్టించాము. ఏడు నెలల పని మీద మరో రెండు నెలలు పట్టింది.

ఈసారి డ్రైవరుగారు చూచి, వ్రేలి కొనతో మడ్‌గార్డు అతుకును ఒకసారి తడిమి, "ఇప్పుడు మన బండేనండి" అన్నారు. తీసుకుపొమ్మంటే ఒప్పుకోలేదు. మనుమలు విరుగగొడతారట. కనుక అది ఇప్పుడు కార్యాలయంలో మా బల్ల మీదనే ఉన్నది.

మేము నేర్చుకున్నది ఇంతే. యంత్రాన్ని నడిపేవాడు దానికి చేసుకున్న ప్రతి చిన్న మార్పూ దానిని రూపొందించినవాడు చేసిన ఒక పొరపాటుకు దిద్దుబాటు. అది చెక్క కావచ్చు, గుడ్డపేలిక కావచ్చు, తీగెముడి కావచ్చు. తనిఖీకి వెళ్లినవారు దానిని ఊడబెరకమని ఆజ్ఞాపించడానికి ముందు ఎందుకు కట్టారని అడగాలి. మా విభాగపు వాహన తనిఖీ పత్రంలో ఈ సంవత్సరం ఒక వరుస అదనంగా చేర్చాము. "నడిపేవారు స్వయంగా చేసుకున్న మార్పులు ఏవి? కారణమేమి?" మొదటి వారంలోనే ఫోర్క్‌లిఫ్టు నడిపే యువకుడొకడు, సాయంత్రపు ఎండ కంటిలో పడి రాక్ అంచు కనబడక అట్టముక్క కట్టుకున్నానని వ్రాశాడు. ఇప్పుడక్కడ సరియైన ఎండమర అమర్చబడినది.

ఈ అభిరుచి చేపట్టదలచిన మిత్రులకు నాలుగు మాటలు. మొదట లారీ జోలికి పోక, పెట్టెలో భాగాలన్నీ దొరికే చిన్న కారును కట్టండి. అచ్చులో మిగిలిన జిడ్డు పోవడానికి భాగాలను సబ్బు నీటితో కడిగి ఆరనివ్వండి. చట్రం నుంచి భాగాలను చేతితో విరుచక కత్తెరతో కోసి, మొనను ఆకురాయితో సరిచేయండి. అతికే ముందు ప్రతి భాగాన్నీ పొడిగా అమర్చి చూడండి. ముఖ్యంగా, మీరు కట్టబోయే వాహనాన్ని నడిపినవారు ఎవరైనా ఉంటే, కొలతలు తీయడానికి ముందే వారిని పలకరించండి. మేము ఆ పని చివరకు చేసి, రెండు నెలలు నష్టపోయాము.

వచ్చే సంచికలో, పాఠకుల కోరికపై, ఇంటి పంపుల మరమ్మతును గురించి ముచ్చటించుకుందాము. అంతవరకు సెలవు.