అక్కా, ఓ మాట: ఎం.ఏ. నుంచి ఎంబిబిఎస్‌కా?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. ఎం.ఏ. తెలుగు చదువుతున్నాను. ఇంటర్లో హెచ్.ఇ.సి. ఆసుపత్రిలో నాన్నకి సేవ చేసినప్పట్నుంచి డాక్టర్నవ్వాలని ఉంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఆలస్యమైపోయిందా అక్కా?
– ఓ సోదరి, బొబ్బిలి

జవాబు: వయసు అడ్డు కాదు చెల్లీ. నీట్‌కి గరిష్ఠ వయోపరిమితి 2022లోనే తీసేశారు. అడ్డల్లా ఇంటర్ గ్రూపే. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ లేనిదే ఎం.ఏ. ఉన్నా నీట్ రాయనివ్వరు. ఆ సబ్జెక్టులు ఓపెన్ స్కూల్లో కట్టి పాసవ్వచ్చు. సీటొచ్చాక నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్. శ్రీకాకుళంలోనే కాక 2023 నుంచి విజయనగరంలోనూ ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. సీటు మాత్రం ర్యాంకును బట్టే!

ఇప్పుడే ఎం.ఏ. మానకు. ఇంటర్ ఫిజిక్స్ పుస్తకం తెచ్చుకుని మూడు నెలలు చదివి చూడు. మనసు పట్టిందా, మొత్తం ఏడెనిమిదేళ్లని దాచకుండా అమ్మానాన్నలకి చెప్పు. సంబంధాల మాట ఆ తర్వాత.