పాస్‌పోర్టులో బీ1 వీసా ఉందిగా.. అమెరికా వెళ్లి పని చేయొచ్చా?

‘డాలస్‌లో క్లయింట్ దగ్గర మూడు వారాలే పని. మీకు బీ1/బీ2 వీసా ఉంది కదా, వెళ్లొచ్చేయండి’ అని మీ మేనేజర్ అన్నారనుకుందాం. టికెట్ బుక్ చేసుకునే ముందు ఒక ప్రశ్న అడగండి. అక్కడ నేను చేయాల్సిన పని ఏమిటి? ఎన్ని రోజులన్నది తర్వాతి సంగతి. మూడు వారాలూ మీటింగులే అయితే ఇబ్బంది లేదు. మూడు రోజులే అయినా, అక్కడి ఉద్యోగి చేయాల్సిన పని మీరు చేస్తే చిక్కే.

బీ1 అంటే వ్యాపార పర్యటన వీసా. క్లయింట్లతో చర్చలు, కాంట్రాక్టుల మీద బేరసారాలు, సదస్సులు, కొద్ది రోజుల శిక్షణ.. వీటికి ఈ వీసా సరిపోతుంది. అమెరికా సంస్థ నుంచి జీతం తీసుకోకూడదు. హోటల్, భోజనం, ప్రయాణ ఖర్చులు వాళ్లు భరించవచ్చు. ‘నా జీతం రూపాయల్లో ఇక్కడే పడుతోంది కాబట్టి ఏం కాదు’ అనుకునేవాళ్లు చాలామందే. అది సగమే నిజం. జీతంతో పాటు పని స్వభావాన్నీ చూస్తారు. క్లయింట్‌కు ఏం కావాలో అడిగి రాసుకుని, హైదరాబాద్ తిరిగొచ్చి కోడ్ రాస్తే అది బీ1 పరిధిలోనే ఉంటుంది. క్లయింట్ ఆఫీసులోనే కూర్చుని కోడ్ రాసిస్తే అది ఉద్యోగం అవుతుంది. దానికి హెచ్1బీ లాంటి వర్క్ వీసా కావాలి.

ఇది పాత గొడవే. బీ1 వీసాలను ఇలా వాడారన్న ఆరోపణలపై ఇన్ఫోసిస్ 2013లో అమెరికా ప్రభుత్వంతో 3.4 కోట్ల డాలర్లకు సెటిల్‌మెంట్ చేసుకుంది. వీసా మోసం ఆరోపణలను కంపెనీ ఒప్పుకోలేదు. ఆహ్వాన లేఖల్లో ‘మీటింగులు’ అని రాసి, వేరే పనులకు పంపారన్నది అప్పటి ఆరోపణల్లో ఒకటి. 2025 సెప్టెంబరు నుంచి విదేశాల్లో ఉన్నవారికి కొత్త హెచ్1బీ పిటిషన్లపై లక్ష డాలర్ల రుసుము పెట్టారు కాబట్టి, బీ1తో సర్దేద్దామన్న ఆశ ఎవరికైనా పుడుతుంది.

మెషీన్లు బిగించే ఇంజనీర్ల పరిస్థితి కొంచెం వేరు. విదేశీ కంపెనీ అమ్మిన యంత్రాన్ని బిగించడానికి, రిపేరు చేయడానికి ఆ కంపెనీ మనుషులు బీ1పై వెళ్లవచ్చు. కాకపోతే ఆ సేవ అమ్మకం ఒప్పందంలోనే రాసి ఉండాలి, వెళ్లేవాళ్లకు ఆ యంత్రంపై ప్రత్యేక పరిజ్ఞానం ఉండాలి. భవన నిర్మాణ పనిలో మాత్రం స్వయంగా చేయి పెట్టకూడదు, పర్యవేక్షణ, శిక్షణ వరకే. 2025 సెప్టెంబరులో జార్జియాలోని హ్యుందాయ్ ప్రాంగణంలో ఉన్న బ్యాటరీ ప్లాంటుపై దాడి చేసి 475 మందిని అదుపులోకి తీసుకున్నారు. వారిలో 300 మందికి పైగా దక్షిణ కొరియన్లు. వాళ్లలో బీ1తో వచ్చినవారూ ఉన్నారు. పరికరాల బిగింపు, మరమ్మతులకు బీ1 చెల్లుతుందని ఆ తర్వాత కొరియాతో చర్చల్లో అమెరికా స్పష్టం చేసింది.

ఇప్పుడు మీ సంగతి. తేడా వస్తే కంపెనీ జరిమానా కట్టి బయటపడవచ్చు, మీకు మాత్రం రికార్డు మిగులుతుంది. ఎయిర్‌పోర్టులో అధికారి మీ ఫోన్, ల్యాప్‌టాప్ కూడా చూడవచ్చు. లేఖలో ‘చర్చలు’ అని ఉండి, మెయిల్లో పని షెడ్యూలు కనిపిస్తే అక్కడినుంచే వెనక్కి పంపేయవచ్చు. అలా తొలగింపు ఉత్తర్వు ఇస్తే సాధారణంగా అయిదేళ్లు మళ్లీ వెళ్లలేరు. కావాలనే అబద్ధం చెప్పారని తేలిస్తే జీవితకాల నిషేధం. మినహాయింపు అడగవచ్చు కానీ తేలిగ్గా రాదు. రేపు హెచ్1బీ వచ్చినా, పిల్లలను చూడ్డానికి వెళ్లాలన్నా అదే అడ్డం.

కాబట్టి అక్కడ చేయబోయే పనులను రోజువారీగా మెయిల్లో రాసివ్వమని అడగండి. ఆహ్వాన లేఖలోనూ అవే ఉండాలి. రాసివ్వడానికి ఆఫీసు తటపటాయిస్తే, కంపెనీ ఇమిగ్రేషన్ విభాగంతో మాట్లాడాకే బయలుదేరండి.

వీసాపై పదేళ్ల గడువు ఉన్నా అన్నాళ్లు ఉండొచ్చని కాదు. ఎన్నాళ్లు ఉండాలో ఐ-94 రికార్డులోని తేదీ చెబుతుంది. దిగగానే సీబీపీ వెబ్‌సైట్‌లో అది చూసుకోండి, తిరుగు టికెట్ ఆ తేదీలోపే ఉండాలి.