ఆరో తరగతి కడుపునొప్పికి బిళ్ళ చాలదు



ప్రతి ఏటా జూన్‌లో బడులు తెరిచిన రెండు మూడు వారాలకు మా ఓపీకి పదకొండేళ్ళ పిల్లలు రావడం ఎక్కువవుతుంది. కడుపునొప్పి, తలనొప్పి, వాంతి వచ్చేలా ఉందనడం, రాత్రి నిద్ర పట్టకపోవడం. డాక్టరు గారు చూసి అవసరమైన పరీక్షలు చేయిస్తారు. కొందరికి నులిపురుగులో, మూత్రంలో ఇన్ఫెక్షనో, రక్తహీనతో బయటపడుతుంది. వాటికి మందులున్నాయి. మిగిలిన పిల్లల తల్లులను మేము రెండు ప్రశ్నలు అడుగుతాము. ఆదివారం కూడా నొప్పి వస్తోందా? ఈ ఏడే పెద్దబడికి మారాడా? ఆదివారం రాదని, ఈ ఏడే మారాడని చాలామంది చెబుతారు. ఏ పీరియడంటే భయమని పిల్లవాడిని అడిగితే తరచుగా వచ్చే జవాబు "లెక్కలు".

దీన్ని దొంగనొప్పి అనకండి. భయపడిన పిల్లవాడికి కడుపు నిజంగానే నొప్పి పెడుతుంది. ఈ విషయంలో మా అభిప్రాయం ఒక్కటే. ముందు భయం పోగొట్టాలి, తర్వాత వెనకబడిన లెక్క నేర్పాలి, మార్కులు ఆ తర్వాతే అడగాలి. మన ఇళ్ళల్లో మాత్రం మార్కులే ముందు అడుగుతున్నాము.

ఆరో తరగతిలో ఏమి మారుతుంది?

ఊరి ప్రాథమిక పాఠశాలలో ఒకరిద్దరు టీచర్లే అన్నీ చెబుతారు. వాళ్ళకు పిల్లవాడి ఇల్లూ వాకిలీ తెలుసు. హైస్కూలులో గంటకొక మాస్టారు వస్తారు, తోటి పిల్లలు కొత్తవారు. బొల్లాపల్లి, ఈపూరు, నూజెండ్ల, శావల్యాపురం మండలాల పిల్లల్లో కొందరికి రోజూ ఆటో ప్రయాణం. గురుకులానికో, కస్తూరిబా విద్యాలయానికో, మద్దిరాల నవోదయకో వెళ్ళిన వాళ్ళు మొదటిసారి అమ్మకు దూరంగా పడుకుంటారు.

ఇదే ఏడు లెక్కలు కూడా బరువెక్కుతాయి. భిన్నాలు, దశాంశాలు, క.సా.గు., గ.సా.భా., సున్నాకంటే చిన్న సంఖ్యలు వస్తాయి. వీటికి పునాది ఎక్కాలు, భాగహారం. ప్రథమ్ సంస్థ వారి 2024 అసర్ నివేదిక ప్రకారం మన దేశపు పల్లెల్లో ఐదో తరగతి పిల్లలు నూటికి సుమారు 31 మందే మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగారు. ఎనిమిదో తరగతిలో కూడా ఆ సంఖ్య 46 దాటలేదు. కాబట్టి మీ బిడ్డ ఒక్కడే వెనకబడ్డాడని సిగ్గుపడవద్దు. పునాది లేకుండానే పైగోడ కట్టమంటున్నాము, అది వాడి తప్పు కాదు.

మన పల్నాడులో ఇంకొక సంగతి ఉంది. మిరప కోతల కాలంలో కొన్ని కుటుంబాలు పిల్లల్ని వెంట తీసుకుపోతాయి. ఆ వారాల్లో చెప్పిన పాఠం మరుసటి ఏడు అడ్డం పడుతుంది.

బుర్ర లేక కాదు

ఢిల్లీ, కలకత్తా మార్కెట్లలో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లలను పరీక్షించిన ఒక అధ్యయనం 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. తూకం, ధర, చిల్లర లెక్కలను ఆ పిల్లలు నోటితోనే చెప్పేశారు. అలాంటి లెక్కనే పుస్తకంలో ఉన్నట్టు ఇస్తే చాలామంది చేయలేకపోయారు. బడి పిల్లలకు కాగితం మీద లెక్క వచ్చింది గాని బజారు లెక్క రాలేదు. లోటు తెలివిలో లేదు, ఆ రెండు లెక్కలనూ కలిపి చూపేవారు లేకపోవడంలో ఉంది. ఆ పని చదువురాని తల్లి కూడా చేయగలదు. కిలో 180 రూపాయల మిరపకాయలు రెండున్నర కిలోలు ఎంత అని అడగండి. 450 అని చెప్పాక, "దాన్నే కాగితం మీద రాసి చూపించు నాన్నా" అనండి.

"రెండు తగిలిస్తేనే లెక్కలు వస్తాయి, మేము అలాగే నేర్చుకున్నాం" అనే పెద్దలున్నారు. వారి మీద మాకు గౌరవమే. అయితే భయంతో ఉన్న మనసు అంకెలను పట్టి ఉంచుకోలేదు. వచ్చిన ఎక్కం కూడా మరిచిపోతుంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 1895లో మన వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా గారు చిన్ననాడు బడిలో కులం పేరుతో అవమానాలు పడ్డారు. ఆయన కవి అయ్యింది ఆ అవమానాల వల్ల కాదు, వాటికి తలవంచనందువల్ల. ప్రతి పిల్లవాడికీ అంత గుండె ఉండదు. "మొద్దు" అన్న మాట ఇంట్లో గాని, బడిలో గాని, గుడిలో గాని వినపడకూడదు.

ఇంట్లో చేయవలసినవి

1. బోర్డు కనిపిస్తోందో లేదో అడగండి. కళ్ళు చికిలించినా, పక్కవాడి పుస్తకం చూసి రాసుకున్నా కంటి పరీక్ష చేయించండి.

2. ఖాళీ కడుపుతో బడికి పంపవద్దు. బడిలో వారానికొకసారి ఇచ్చే ఐరన్ బిళ్ళను అన్నం తిన్నాక మింగమనండి.

3. తొమ్మిది గంటల నిద్ర ఉండాలి. రాత్రి ఫోను మీ దగ్గరే పెట్టుకోండి.

4. రోజుకు పదిహేను నిమిషాలు లెక్కలు చాలు. నాలుగో తరగతి లెక్కలతో మొదలుపెట్టండి. వచ్చినవి చేస్తే ధైర్యం వస్తుంది. ప్రభుత్వ బడి పుస్తకంలో ఇంగ్లీషు పేజీ పక్కనే తెలుగు పేజీ ఉంటుంది. ముందు దాన్ని చదవనివ్వండి.

5. ఒకసారి లెక్కల మాస్టారిని కలిసి, మీ బిడ్డకు ఏది రాదో మర్యాదగా అడగండి.

నిద్రలో లేపే నొప్పి, జ్వరం, బరువు తగ్గడం, వాంతిలో గాని విరేచనంలో గాని రక్తం ఉంటే భయమని సరిపెట్టుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. బిడ్డ చచ్చిపోవాలని ఉందంటే తిట్టకండి, ఒంటరిగా వదలకండి, ఆరోజే తీసుకురండి. టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.

సంఘాలకు ఒక విన్నపం. సండేస్కూలు గదులు వారంలో ఆరు సాయంత్రాలు ఖాళీగా ఉంటాయి. ఇంటర్, డిగ్రీ చదివే యవనస్థులు మన మధ్యనే ఉన్నారు. వారానికి రెండు సాయంత్రాలు, ఏ మతం పిల్లలైనా సరే, ఆరో తరగతి వాళ్ళను కూర్చోబెట్టి ఎక్కాలు, భాగహారం చెప్పండి. ర్యాంకులు, బహుమతులు వద్దు. అది కూడా ప్రభువు సేవే.

మొదటి పరీక్ష పేపరు ఇంటికి వచ్చిన రోజు ముందు అన్నం పెట్టండి. తర్వాత ఇద్దరూ కూర్చుని చూడండి. తప్పైన లెక్క కంటే ముందు సరిగా చేసిన లెక్కను వేలు పెట్టి చూపించండి.

నర్సింగ్ విభాగం తరఫున,
నర్సింగ్ సూపరింటెండెంట్