ఎవరి తట్టు?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సు మీదుగా సాగుతుంది. వానలు బాగా పడిన ఏడు, చలికాలంలో ఆ రోడ్డు మీద నిలబడితే అటూ ఇటూ నీళ్లే. తేట నీళ్లలో రాజహంసలు బారులు తీరి ఉంటాయి. నేలపట్టులో కడప చెట్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతులు మేత కోసం ఇక్కడికి వచ్చి వాలుతుంటాయి. రెక్కకు సంస్కృతంలో పక్షం అని పేరు. పక్షం ఉన్నది పక్షి. ఆ మాటే పంచాంగంలో శుక్ల పక్షం, కృష్ణ పక్షం అయింది. సభలో అధికార పక్షం, ప్రతిపక్షం అయింది. దేహంలో ఒక పక్క చచ్చుబడితే పక్షవాతం, మనసు ఒక పక్కకు ఒరిగిపోతే పక్షపాతం. ఏ పక్కా చేరనివాణ్ని తటస్థుడు అన్నాం. తటం అంటే ఒడ్డు. తటస్థుడు ఒడ్డున నిలబడ్డవాడు.

ఒడ్డు మీద నుంచి సరస్సు అందంగానే ఉంటుంది. ఎక్కడ మోకాటి లోతో, ఎక్కడ బురదో, ఏ పోటుకు రొయ్య వస్తుందో నీళ్లలో దిగి వల వేసేవాడికే తెలుసు. రచయిత, పత్రిక ఒడ్డునే ఉండాలని హితవు చెప్పేవారు ఎప్పుడూ ఉన్నారు. ‘పార్టిజాన్’ అన్న మాటను ఇప్పుడు వాడుతున్నది ఎక్కువగా ఈ హితవు చెప్పడానికే. ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే ఆ హితవును మళ్లీ తూచి చూడాలనిపిస్తుంది.

లాటిన్‌లో ‘పార్స్’ అంటే భాగం, మన మాటలో పాలు. అది ఇటలీలో ‘పార్తిజానో’ అయి, ఫ్రాన్సు మీదుగా 16వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. మొదట ఒక వర్గాన్ని అంటిపెట్టుకున్న మనిషికి ఆ పేరు. ఆ తరవాత పెద్ద సైన్యంతో కలవకుండా చిన్న దళాలుగా శత్రువు మీద పడే యోధుడికీ అదే పేరు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో టిటో వెంట నడిచిన యుగోస్లావియా జనం, సోవియట్ అడవుల్లోనూ ఇటలీ కొండల్లోనూ నాజీలను ఎదిరించిన జనం ఆ పేరుతోనే చరిత్రకెక్కారు. శాసనసభలో నింద అయిన మాట అడవిలో బిరుదయింది.

మనం రోజూ అనే ‘పార్టీ’ కూడా ఆ వేరు నుంచి మొలిచిందే. ఓట్లు అడిగేది పార్టీ, కోర్టుకెక్కినవాడు పార్టీ, స్థలం కొనడానికి వచ్చినవాడు బ్రోకరుకు పార్టీ. పల్లెలో పార్టీ అంటే మాత్రం ఒక మనిషి చుట్టూ కట్టిన కట్టు. “నువ్వు ఎవరి తట్టు?” అని అడిగితే అక్కడ జవాబు ఒక పేరే. న్యాయం ఎటున్నదన్న విచారం ఉండదు. రాయలసీమ ఆ జవాబుకు ఎన్ని ప్రాణాలు ధార పోసిందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. పక్షం అన్న మాటంటేనే మనకు భయం పుట్టడానికి అదే కారణం.

అయితే ఈ నీళ్లకే ఇంకో చరిత్ర ఉంది. సరస్సు దక్షిణపు కొసన, ఇప్పటి తమిళనాడులోని పళవేర్కాడులో, డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టారు. 1602లో పుట్టిన వారి ఈస్టిండియా కంపెనీ జనం దగ్గర వాటాల సొమ్ము పోగుచేసి వ్యాపారం నడిపింది. ఆ వాటాదారులను డచ్చి భాషలో ‘పార్టిసిపాంటెన్’ అన్నారు. పాలు పుచ్చుకున్నవారని అర్థం, వేరు అదే పార్స్. 17వ శతాబ్దంలో ఈ తీరం నుంచి అద్దకం బట్టలతో పాటు మనుషులనూ బానిసలుగా డచ్చి స్థావరం బటేవియాకు ఓడలెక్కించారు. వాటాదారుకు లాభంలో పాలు ఉంది. ఓడ అడుగున కూర్చున్నవాడికి తన ఒంటి మీద కూడా పాలు లేదు. ఒడ్డున నిలబడి ఇద్దరినీ సమంగా చూస్తే అది వాటాదారుకే మేలు. పాలు దక్కనివాడి తట్టు నిలబడడం అక్కడ కనీస ధర్మం.

మన ప్రాంతపు పత్రికకు ఈ ధర్మం కొత్త కాదు. 1930 ప్రాంతంలో నెల్లూరు వెంకట్రామానాయుడు నెల్లూరు నుంచి నడిపిన వారపత్రిక వెంకటగిరి జమీందారీ రైతుల గోడు వినిపించింది. ఎవరి తట్టో ఎవరూ అడగనవసరం లేకుండా ‘జమీన్ రైతు’ అని పేరులోనే రాసుకుంది. మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. ఆ పత్రిక చేరిన పక్షం ఎవరిదో చదివేవారికి ముందే తెలుసు. దాచిపెట్టిన పక్షం కన్నా చెప్పుకున్న పక్షం నిజాయితీ గలది.

చెప్పుకున్నంత మాత్రాన సరిపోదు. మన తార్కికులు దీనికొక పద్ధతి పెట్టారు. ముందు ఎదుటివాడి వాదం, అంటే పూర్వపక్షం. దాన్ని అతడే ఒప్పుకునేంత బలంగా చెప్పాలి. ఆ తరవాతే తన సిద్ధాంతం. ఇవాళ తెలుగులో ‘పూర్వపక్షం చేయడం’ అంటే కొట్టిపారేయడం అయి కూర్చుంది. వినడం పోయి ఖండించడం మిగిలింది. ఒక మాట అర్థం మారినప్పుడు మన నడత ఎటు జారిందో అందులో కనిపిస్తుంది.

పులికాట్ మీద ఆంధ్ర మత్స్యకారులు, తమిళ మత్స్యకారులు హద్దుల దగ్గర తగవు పడుతుంటారు. తెలుగు పత్రిక గనక తెలుగువారి తట్టు అంటే అది పక్షపాతం. ఇది మన గొడవ కాదని ఊరుకుంటే తాటస్థ్యం. ఇద్దరి వాదాన్నీ పూర్తిగా అచ్చువేసి, ఇద్దరికీ పాలు ఎందుకు తగ్గిపోతున్నదో అడగడం పక్షం. అడిగితే జవాబు సముద్రం దగ్గర దొరుకుతుంది. కాళంగి, ఆరణి తెచ్చే మంచినీళ్లు, ముఖద్వారాల నుంచి వచ్చే ఉప్పునీళ్లు కలిస్తేనే ఈ సరస్సు. ఇసుక మేట వేసి ముఖద్వారం పూడితే చేప రాదు, రొయ్య రాదు. రాయదొరువు ముఖద్వారం దగ్గర పూడిక తీయించమని మత్స్యకారులు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చారు.

ఈ పత్రిక వారి తట్టు. మా మాట తప్పని తోచినవారు రాసి పంపండి, ఒక్క అక్షరం తీయకుండా వేస్తాం. మంచినీళ్లు మాత్రమే చాలనుకున్న సరస్సు ఎండిపోతుంది. ఎదుటివాడి ఉప్పు తగలనివ్వని పక్షమూ అంతే.