రాష్ట్రపతి అభ్యర్థికి కొలమానం ఏది?

రాష్ట్రపతి ద్రౌపది ముర్ము పదవీకాలం 2027 జులై 24తో ముగుస్తుంది. రాజ్యాంగం 62వ అధికరణం ప్రకారం ఆ గడువు తీరకముందే తదుపరి రాష్ట్రపతి ఎన్నిక పూర్తి కావాలి. కేంద్రంలో అధికారంలో ఉన్న భారతీయ జనతా పార్టీ ఆలోగా తన అభ్యర్థిని నిర్ణయించుకోవలసి ఉంటుంది. ఆ నిర్ణయం గురించి ఎవరు మాట్లాడినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: ఈసారి ఎవరి వంతు? 2002లో ముస్లిం, 2017లో దళితుడు, 2022లో ఆదివాసీ మహిళ. కనుక ఇప్పుడు బీసీ కావచ్చునని ఒకరి ఊహ, దక్షిణాది కావచ్చునని మరొకరి ఊహ. ఈ లెక్కలో అభ్యర్థి ఏ కులంలో పుట్టారన్న వివరం ఉంటుంది. ఆ కులం బతుకుకు సంబంధించిన కాగితం ఒకప్పుడు వారి బల్ల మీదికి వచ్చినప్పుడు ఏం చేశారన్న వివరం ఉండదు. అభ్యర్థిని ఈ రెండో వివరంతోనే కొలవాలని నా వాదన.

వంతు అన్న మాటను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. 1950లో గణతంత్రం ఏర్పడ్డాక ఒక దళితుడు రాష్ట్రపతి కావడానికి 47 ఏళ్లు, ఒక ఆదివాసీ కావడానికి 72 ఏళ్లు పట్టింది. ఇది కాలం దానంతట అది చేసిన జాప్యం కాదు. 1969లో బెంగళూరులో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు సమావేశమైనప్పుడు ఇందిరాగాంధీ జగ్జీవన్‌రామ్ పేరును ముందుకు తెచ్చారు. అది గాంధీజీ శతజయంతి సంవత్సరం. బోర్డులో మెజారిటీ ఉన్న సిండికేట్ నాయకులు ఆ పేరును తోసిపుచ్చి మన నీలం సంజీవరెడ్డిని నిలబెట్టారు. ఆ తరువాతి కథ తెలుగువారికి కొత్తది కాదు: ఆత్మప్రబోధం పేరుతో సొంత పార్టీ అభ్యర్థినే ఓడించడం, వి.వి. గిరి గెలుపు, కాంగ్రెస్ చీలిక. ఒక తెలుగు నాయకుడి మీద మరొక తెలుగు నాయకుడి విజయంగా మనం చెప్పుకునే ఆ ఎన్నికలో ఒక దళిత నాయకుడి పేరు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయిందన్న సంగతిని మాత్రం ఎవరూ పెద్దగా తలచుకోరు. కాబట్టి 2017లోనూ 2022లోనూ బీజేపీ చేసిన ఎంపికలను కేవలం ఎత్తుగడలని కొట్టివేయలేం. కాంగ్రెస్ దశాబ్దాల తరబడి వాయిదా వేసిన పనిని అది అయిదేళ్ల వ్యవధిలో రెండుసార్లు చేసింది.

అయితే ఎలా చేసిందో కూడా చూడాలి. 2017 జూన్ 19న రామ్‌నాథ్ కోవింద్ పేరును ప్రకటించేనాటికి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణించి ఏడాదిన్నర, ఉనాలో దళిత యువకులను బహిరంగంగా కొట్టి ఏడాది అయింది. కోవింద్ ఉత్తరప్రదేశ్‌లో షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉన్న కోలీ కులస్థుడు. అదే పేరున్న సామాజిక వర్గం గుజరాత్‌లో బీసీ జాబితాలో ఉంది, సంఖ్యలో చాలా పెద్దది. అక్కడ ఆ డిసెంబరులోనే శాసనసభ ఎన్నికలు. 2022లో ముర్ము పేరును ప్రకటిస్తూ పార్టీ అధ్యక్షుడు జె.పి. నడ్డా చెప్పిన ప్రమాణాలు తూర్పు భారతం, ఆదివాసీ, మహిళ అన్నవి. మూడూ పుట్టుకకు సంబంధించినవే. విచిత్రమేమంటే, అప్పటికి ముర్ము జీవితంలో ఈ మూడింటికన్నా బరువైన అర్హత ఒకటి ఉంది. దానిని ప్రకటించడానికి పార్టీకి నోరు రాలేదు.

అది జార్ఖండ్ ఫైలు. 2015 నుంచి 2021 దాకా ఆమె ఆ రాష్ట్ర గవర్నరు. రఘువర్ దాస్ నాయకత్వంలోని బీజేపీ ప్రభుత్వం 2016 నవంబరులో రెండు పాత చట్టాలకు సవరణలు ఆమోదింపజేసింది. ఒకటి 1908 నాటి ఛోటానాగ్‌పుర్ కౌలుదారీ చట్టం, రెండోది 1949 నాటి సంతాల్ పరగణాల కౌలుదారీ చట్టం. ఆదివాసీ భూమి ఆదివాసీయేతరుల చేతికి పోకుండా కాపాడేవి ఈ రెండే. మన ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70 చట్టానికి ఉన్న స్థానం అక్కడ వీటిది. ఛోటానాగ్‌పుర్ చట్టం బిర్సా ముండా తిరుగుబాటు తరువాత బ్రిటిష్ ప్రభుత్వం దిగివచ్చి చేసినది. ఆ భూములను వ్యవసాయేతర అవసరాలకు వాడేందుకు దారి తెరవడం కొత్త సవరణల సారం. ఊళ్లు భగ్గుమన్నాయి, నిరసనలు నెలల తరబడి సాగాయి. 2017లో గవర్నర్ ముర్ము ఆ బిల్లులను సంతకం చేయకుండా తిప్పి పంపారు. తనను నియమించిన పార్టీ, తాను పుట్టి పెరిగిన పార్టీ, అదే పార్టీ ముఖ్యమంత్రి పంపిన బిల్లులు అవి. ఆ ఆగస్టులో ప్రభుత్వం సవరణలను ఉపసంహరించుకుంది.

పార్టీ తన అభ్యర్థిని పరిచయం చేయవలసింది ఈ ఒక్క సంఘటనతోనే. పైగా ఇది సంప్రదాయవాద పార్టీ సిగ్గుపడవలసిన పనేమీ కాదు. నూరేళ్లకు పైగా నిలిచిన ఒక రక్షణను ఒక శీతకాల సమావేశంలో తొందరపడి సడలించవద్దని అనడం కన్నా సంప్రదాయ రక్షణ మరేముంటుంది? ఉన్నదానిని నిలపడమే ఆ రాజకీయాల పరమార్థమైతే, ఆదివాసీ భూమి చట్టం కూడా ఆ ‘ఉన్నదాని’లో భాగమే. ఆలయాలను, కుటుంబ వ్యవస్థను కాపాడతానన్న పార్టీ అడవి అంచున ఉన్న అయిదెకరాలను మాత్రం కాపాడవలసిన సంప్రదాయంగా గుర్తించకపోవడంలోనే దాని కులస్వభావం బయటపడుతోంది.

రాష్ట్రపతి భవన్‌కు వెళ్లిన తరువాత అలాంటి ఫైలు ఏదైనా వెనక్కి వచ్చిందా? బయటికి తెలిసినంతలో లేదు. 2023 ఆగస్టులో అటవీ సంరక్షణ సవరణ చట్టానికి ఆమోదముద్ర పడింది. ఆ సెప్టెంబరులో మహిళా రిజర్వేషన్ల రాజ్యాంగ సవరణకు, అంటే బీసీ మహిళలకు ఉపకోటా లేని సవరణకు, ఆమోదం లభించింది. రాష్ట్రపతి మంత్రిమండలి సలహాను అనుసరించాలన్నది నిజమే. కానీ 74వ అధికరణం ఒకసారి పునఃపరిశీలన కోరే హక్కును ఆ పదవికే ఇచ్చింది. 78వ అధికరణం ప్రధానిని సమాచారం అడిగే హక్కునిచ్చింది. గవర్నరుగా ఆగిన చెయ్యి రాష్ట్రపతిగా ఎందుకు ఆగలేదన్నది ఒక వ్యక్తి ధైర్యాన్ని గురించిన ప్రశ్న మాత్రమే కాదు. జార్ఖండ్‌లో గవర్నరు వెనుక రోడ్డు మీద జనం ఉన్నారు. ఢిల్లీలో ఆ పీఠం చుట్టూ ఉండేది ఓటువేసి పంపిన పార్టీలే.

ఇక్కడ పూనా ఒప్పందం గుర్తుకు రావడం సహజం. 1932లో ప్రత్యేక నియోజకవర్గాలు వదులుకున్నాక, ఇతరుల ఓట్లతో గెలిచే దళిత ప్రతినిధి ఎవరికి జవాబుదారీ అవుతాడన్న ప్రశ్నను అంబేడ్కర్ జీవితాంతం వదల్లేదు. కాన్షీరామ్ 1982లో ఒక పుస్తకమే రాశారు. రాష్ట్రపతి ఎన్నిక ఆ ప్రశ్నకు పరాకాష్ఠ: ఓటర్లు ఎంపీలూ ఎమ్మెల్యేలూ మాత్రమే, అభ్యర్థిని తేల్చేది ఒక పార్లమెంటరీ బోర్డు. అయినా నిర్మాణమే సర్వస్వమని నేను అనను. అదే ఓటర్లు 1997లో కె.ఆర్. నారాయణన్‌ను దాదాపు ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన విధించాలన్న మంత్రిమండలి సిఫారసును ఆయన మూడు నెలలకే తిప్పి పంపారు, మరుసటి ఏడాది బిహార్ విషయంలోనూ అదే చేశారు. ఉన్నత న్యాయస్థానాల నియామకాల ఫైలు మీద దళితులు, ఆదివాసులు, మహిళలు ఎందుకు కనిపించడం లేదని నోట్ రాశారు. ఆయన ఏమిటో ఆ పదవిలోకి వచ్చేముందే దేశానికి తెలుసు. తెలిసిన మనిషిని ఎన్నుకున్నారు, తెలిసినట్టే నడుచుకున్నారు. 2002లో రెండోసారి అవకాశం ఆయనకు దక్కలేదన్నది వేరే సంగతి.

బీసీ రాష్ట్రపతి కావాలని కోరేవారు మరొక జీవితాన్ని చూడాలి. 1982 నుంచి 1987 దాకా రాష్ట్రపతిగా ఉన్న జ్ఞానీ జైల్‌సింగ్ వడ్రంగి వృత్తికి చెందిన రామ్‌గఢియా కుటుంబంలో పుట్టినవారు. రాజీవ్‌గాంధీతో చెడినప్పుడు ఆయన తపాలా సవరణ బిల్లును సంతకం చేయకుండా, తిప్పి పంపకుండా అలాగే ఉంచేశారు. ఆ పదవికి అంత శక్తి ఉందని అప్పుడే దేశానికి తెలిసింది. 1980 డిసెంబరు 31న రాష్ట్రపతికి అందిన మండల్ నివేదిక ఆ అయిదేళ్లూ ప్రభుత్వ బీరువాలో నిద్రపోయింది. దాన్ని లేపమని ఆ భవనం నుంచి గట్టి మాటేదీ వినిపించలేదు.

ఇదంతా పాత చరిత్ర అనుకునే వీలు తెలంగాణకు లేదు. కులగణనలో బీసీలు 56.33 శాతమని తేలాక, 2025 మార్చిలో శాసనసభ విద్య, ఉద్యోగాలు, స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల బిల్లులను ఆమోదించింది. అవి రాష్ట్రపతి పరిశీలనకు వెళ్లాయి. నెలలు గడిచినా ఆమోదం రాలేదు. జీవో ద్వారా అమలు చేయబోతే అక్టోబరులో హైకోర్టు నిలిపివేసింది. డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు పాత పరిమితిలోనే జరిగిపోయాయి. అంతకు ముందు 2017లో గిరిజనులకు 10 శాతం, ముస్లిం బీసీలకు 12 శాతం కోరుతూ పంపిన బిల్లుదీ ఇదే దారి. రాష్ట్రపతి ఒక బిల్లును ఎన్నాళ్లు ఉంచుకోవచ్చునో 201వ అధికరణం చెప్పదు. కోర్టు గడువు విధించజాలదని 2025 నవంబరు 20న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తన అభిప్రాయంలో తేల్చిచెప్పింది. అంటే ఒక రాష్ట్రంలో సగానికి మించిన జనాభా కోరిక ఇప్పుడు గడువులేని ఒక బల్ల మీద ఉంది. రేపు ఆ బల్ల ముందు కూర్చునేవారు బీసీ అయినంత మాత్రాన ఫైలు కదులుతుందని జైల్‌సింగ్ అనుభవం చెప్పడం లేదు.

అభ్యర్థిని పుట్టుకతో గాక పనితో ఎంచుకున్న ఉదాహరణ ఈ దేశపు సంప్రదాయవాద పక్షాల చరిత్రలోనే ఉంది, అదీ మన నేల నుంచే. 1967లో జనసంఘ్, ఆచార్య ఎన్.జి. రంగా వ్యవస్థాపక అధ్యక్షుడైన స్వతంత్ర పార్టీ తదితర ప్రతిపక్షాలు జాకీర్ హుస్సేన్‌పై కోకా సుబ్బారావును నిలబెట్టాయి. ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి ఆయన పోటీలో దిగారు. ప్రాథమిక హక్కులను పార్లమెంటు కుదించలేదన్న గోలక్‌నాథ్ తీర్పు అంతకు కొద్ది వారాల ముందటిదే; ఆస్తిహక్కును కాపాడే న్యాయమూర్తిగా భూస్వామ్య, వ్యాపార వర్గాలకు ఆయన మీద అభిమానం. ఆ మెచ్చుకున్నవారిలో ఎందరు గమనించారో గాని, అదే సుబ్బారావు 1963లో దేవదాసన్ కేసులో ఒంటరిగా అసమ్మతి తీర్పు రాశారు. ఎస్సీ, ఎస్టీలకు కేటాయించి భర్తీకాని ఉద్యోగాలను మరుసటి ఏటికి కలిపే నిబంధనను మిగతా నలుగురు న్యాయమూర్తులు కొట్టివేశారు. రిజర్వేషన్ సమానత్వానికి మినహాయింపు కాదు, సమానత్వంలోనే భాగమన్న ఆలోచనకు ఆయన అసమ్మతి పునాది వేసింది. 1975లో ఎన్.ఎం. థామస్ కేసులో సుప్రీంకోర్టు ఆ దారికే వచ్చింది. సుబ్బారావుకు 3,63,971 విలువగల ఓట్లు వచ్చాయి, ఓడిపోయారు. ఆయన కులం పేరు చెప్పి ఎవరూ ఓటు అడగలేదు. అయినా దళితులకు ఆయన మిగిల్చినది తక్కువేమీ కాదు.

ప్రతిపక్షం ఈ విషయంలో పాఠం చెప్పే స్థితిలో లేదు. 2022లో ఒక ఆదివాసీ మహిళకు పోటీగా అది నిలిపింది బీజేపీ నుంచే వచ్చిన యశ్వంత్ సిన్హాను. జార్ఖండ్ ఫైలును ముందు పెట్టి, రాష్ట్రపతిగానూ అలాగే నడుస్తారా అని ముర్మును బహిరంగంగా అడిగి ఉంటే చర్చ ఒక మెట్టు పైకి వెళ్లేది. రాజ్యాంగాన్ని కాపాడే పోరు అన్నారే గాని, ఆ పని అప్పటికే ఒకసారి చేసిచూపినవారు ఎదుటి పక్షంలో ఉన్నారని గుర్తించలేదు. 2025 సెప్టెంబరులో ఉపరాష్ట్రపతి ఎన్నికకు జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డిని నిలిపినప్పుడు మాత్రం ఇండియా కూటమి కొంత నేర్చుకున్నట్టు కనిపించింది. తెలంగాణ కులగణన వివరాలను పరిశీలించిన నిపుణుల బృందానికి ఆయనే సారథి. మన దగ్గర ఆ చర్చ ఆయన తెలుగువారా కాదా అన్నదాని చుట్టూ తిరిగి ముగిసింది. తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ సి.పి. రాధాకృష్ణన్‌కు ఓటు వేశాయి, భారత రాష్ట్ర సమితి తటస్థంగా ఉండిపోయింది.

2027లో ఆ మూడు పార్టీలకూ మళ్లీ అవకాశం వస్తుంది. ముఖ్యంగా తెలుగుదేశానికి. 2024 ఎన్నికల్లో బీజేపీ లోక్‌సభలో 240 దగ్గర ఆగిపోయాక ఆ పార్టీ 16 మంది ఎంపీల విలువ ఎంతో ఢిల్లీకి తెలుసు. ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఒక్కొక్కరి ఓటు విలువ 159. ఆ ఎన్నికల్లో గెలిచిన 135 మందిని లెక్కిస్తే 21,465. రాష్ట్రపతి ఎన్నికకు విప్ ఉండదు, బ్యాలెట్ రహస్యం. బీసీల పార్టీనని పుట్టినప్పటి నుంచి చెప్పుకుంటున్న పార్టీ ఈ బలంతో అడగవలసింది అమరావతికి, పోలవరానికి నిధులు మాత్రమేనా? పేరు ప్రకటించకముందే మిత్రపక్షంగా ఒక్క ప్రశ్న వేయవచ్చు: మీరు చెప్పబోయే మనిషి ఇంతవరకు ఏ ఫైలు తిప్పి పంపారు, ఎవరి కోసం పంపారు? కులగణనతో కూడిన జనాభా లెక్కలకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. బీజేపీ పార్లమెంటరీ బోర్డు గత రెండుసార్లూ అభ్యర్థి పేరును జూన్ మూడో వారంలో తేల్చింది. ఈసారీ అలాగే జరిగితే, ఎవరు ఎంతమందో దేశం లెక్కపెట్టుకున్న నాలుగు నెలలలోపే ఆ పేరు బయటికి వస్తుంది. ప్రశ్న వేయదలచినవారికి మిగిలిన వ్యవధి ఆ సమావేశం దాకానే.