తరగతిలో కునుకు తీయువాడు సోమరియా?

తరగతిలో కునికిపాట్లు పడు బాలుని చూచినప్పుడు ఉపాధ్యాయునకు మొదట తోచు మాట "సోమరి" యనునది. తల్లిదండ్రులకు తోచునది "రాత్రి ఆలస్యముగా పండుకొన్నాడు" అనునది. ఈ రెండును కొన్ని యెడల నిజమే. అయినను ఈ రెంటికిని ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. ఈ బిడ్డ రాత్రివేళ ఎట్లు ఊపిరి పీల్చుచున్నాడు? ఆ ప్రశ్న నడుగక తీర్పు చెప్పుట అన్యాయమని మా యభిప్రాయము.

మేమును ఆ యన్యాయము చేసినవారమే. కొన్నియేండ్ల క్రిందట ఆఱవ తరగతిలో ఒక బాలుడు ప్రతిదినము రెండవ గంటకే కునుకు తీయుచుండెను. మేము వానిని బల్ల యెక్కించితిమి. తోటివారు నవ్వుచుండగా ఊరకుంటిమి. ఒకనాడు వాని అవ్వ పాఠశాలకు వచ్చెను. "మాస్టరుగారూ, వీడు తొమ్మిదింటికే పడుకుంటాడండీ. వీడి గురకకు ఇంటిల్లిపాదికీ నిద్దర ఉండదు. మధ్యలో ఆ గురక ఆగిపోతుందండీ. అప్పుడు నేను లేచి వీడి రొమ్ము మీద చెయ్యేసి చూస్తాను" అని చెప్పెను. నెలల తరబడి చూచుచుండియు మేమెఱుగని సంగతి ఆ ముసలమ్మ చేతికి తెలిసియుండెను. వైద్యుడు చూచి కారణము కనుగొనెను; చికిత్స జరిగెను. కాని అప్పటికే వానికి "మొద్దు" అను పేరు స్థిరపడిపోయెను. ఆ పేరు మేము పెట్టినదే.

ఈ వ్యాధిని వైద్యులు స్లీప్ ఆప్నియా యందురు. అనగా నిద్రలో ఊపిరికి అడ్డు తగులుట. ముక్కు వెనుక అడినాయిడ్స్, గొంతునకు ఇరుప్రక్కల టాన్సిల్స్ పెరిగినపుడు శ్వాసమార్గము ఇఱుకగును. మేలుకొనియున్నంతసేపు బాధ కానరాదు. నిద్రలో కండరములు సడలగనే ఆ దారి మూసికొనును. రక్తములో ప్రాణవాయువు తగ్గును. మెదడు బిడ్డను క్షణకాలము కదలించి మరల ఊపిరి తీయించును. ఇట్లు రాత్రియంతయు పలుమార్లు జరుగును. తెల్లవారిన పిదప బిడ్డకు ఇదేమియు జ్ఞాపకముండదు. నూరుగురు పిల్లలలో 1 మొదలు 5గురి వఱకు ఈ వ్యాధి యుండునని వైద్యుల లెక్క. 2 మొదలు 8 ఏండ్ల నడుమ ఇది హెచ్చు. పెద్దవారు దీనివలన పగలు తూగుదురు. పిల్లలలో అనేకులు తూగుటకు మాఱుగా నిలుకడ లేక తిరుగుదురు. కావున సోమరి యనిపించుకొన్నవాడే కాదు, అల్లరివాడనిపించుకొన్నవాడును ఈ రోగి కావచ్చును.

ఈ సంగతి క్రొత్తది కాదు. పిల్లలు చదువులో వెనుకబడుటకు ముక్కు గొంతుల అడ్డంకి యొక కారణమని విలియం హిల్ అను లండను వైద్యుడు 1889లోనే బ్రిటిష్ మెడికల్ జర్నలులో వ్రాసెను. 1998లో ప్రకటించిన పరిశోధనలో డేవిడ్ గోజల్ అను వైద్యుడు, అమెరికాలో మొదటి తరగతిలో మిక్కిలి వెనుకబడిన 297 మంది పిల్లలను పరీక్షింపగా 54 మందికి నిద్రలో ఊపిరి లోపము కనబడెను. వారిలో టాన్సిల్స్, అడినాయిడ్స్ తీయించుకొనిన 24 మందికి మరుసటి యేట మార్కులు పెరిగెను. చికిత్స పొందనివారికి పెరుగలేదు.

ఇది వైద్యుల పని, ఉపాధ్యాయునకేల యని కొందఱందురు. గురక పెట్టు పిల్లలనందఱిని శస్త్రచికిత్సకు పంపుదురా యని మఱికొందఱందురు. ఈ భయము న్యాయమైనదే. 2013లో ప్రకటింపబడిన మఱొక అమెరికా పరిశోధనలో 5 మొదలు 9 ఏండ్ల పిల్లలు 464 మంది చేరిరి. శస్త్రచికిత్స పొందినవారిలో నూటికి 79 మందికి ఏడు నెలలలో నిద్ర పరీక్ష సరియైనది. కనిపెట్టి చూచినవారిలోను నూటికి 46 మందికి అట్లే సరియైనది. శస్త్రచికిత్సవలన ప్రవర్తన మెఱుగుపడెను గాని, అవధానమును కొలుచు పరీక్షలో పెద్ద భేదము కానరాలేదు. కావున కత్తి యెవరికి, ఓపిక యెవరికి అని నిర్ణయించుట వైద్యుని పని. అడుగుట మాత్రము మన పని.

అడుగవలసినది కొంచెమే. బిడ్డ వారమునకు మూడు రాత్రులైన గురక పెట్టునా? గురక నడుమ ఊపిరి ఆగునా? నోరు తెఱచి నిద్రించునా? పెద్దవాడైనను పక్క తడుపునా? లేవగనే తలనొప్పి యనునా? జూనులో బడి తెఱచినపుడు ఈ అయిదు ప్రశ్నల కాగితమును ప్రతి యింటికి పంపవచ్చును. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము 30 లోపములను వెదకుటకు ఏర్పడినది. చూపు, వినికిడి అందులో నున్నవి. నిద్రలోని ఊపిరి ఆ పట్టికలో లేదు. కనుక ఆ బృందము వచ్చినపుడు మనమే చెప్పవలెను.

అయితే కాగితము బిడ్డను చూపగలదు గాని, చేయి పట్టుకొని నడిపింపలేదు. ఆసుపత్రికి తోడు పోవువారెవరు? నిద్ర పరీక్ష యననేమో తల్లికి చెప్పువారెవరు? తప్పిన పాఠములను, పోయిన ధైర్యమును మరల కూర్చువారెవరు? ఇట్టి పనికి తగిన వృత్తి యొకటి కలదు. అది పునరావాస సలహాదారుని వృత్తి. 1992 చట్టమువలన అధికారము పొందిన భారత పునరావాస మండలి దీనిని గుర్తించినది. ఆ సలహాదారుడు అవయవలోపము గలవారికి పని చూపించుటకే యున్నాడని పలువురు తలచుచున్నారు. డౌన్ సిండ్రోముతో పుట్టిన బిడ్డల సంగతి చూడుడు. వారిలో ఈ నిద్రవ్యాధి మిక్కిలి హెచ్చు. నాలుగేండ్లు నిండులోగా వారికందఱికి నిద్ర పరీక్ష జరుగవలెనని అమెరికా శిశువైద్యుల సంఘము చెప్పుచున్నది. అట్టి బిడ్డ మందకొడిగా నున్నప్పుడు పుట్టుకనే నిందించి ఊరకుండక, నిద్రను గూర్చి అడుగగలవాడు కావలెను. ప్రతి పాఠశాలకు ఒకరిని నియమింప లేకపోయినను, పొరుగు పాఠశాలలు కొన్ని కలిసి ఒకరిని పోషింపవచ్చును. పై తరగతులకు పోవు మన విద్యార్థులును ఈ వృత్తిని గూర్చి ఆలోచింపవలెనని కోరుచున్నాము.

విద్యార్థులారా, ప్రక్కన కునుకువానిని చూచి నవ్వకుడు. తల్లిదండ్రులారా, ఒక రాత్రి దీపము తగ్గించి బిడ్డ ప్రక్కన పది నిమిషములు కూర్చుండి వినుడు. మేమును ఒకనిని సోమరి యనుటకు ముందు వాని యింటికి కబురు పంపుదుము. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము నేర్చుకొనని పాఠమును ఆ యవ్వ మాకు నేర్పినది. దానిని మఱువకుండుటయే మేమా బాలునికి తీర్పగల ఋణము.