ముద్ర మన చేతిలోకి రావాలె

కులం సర్టిఫికెట్ కోసం తాసీల్ ఆఫీసు చుట్టూ తిరగని ఇల్లు మన వాడలో ఉన్నదా? ఆఖరికి పడేది ఒక రబ్బరు స్టాంపు. అది పడితేనే పిల్లగానికి హాస్టలు, స్కాలర్‌షిప్పు. ఆ ముద్ర ఎప్పుడూ వాళ్ల చేతిలోనే ఉన్నది. అందుకే దాన్ని చూసి భయపడుడే నేర్చుకున్నం, అది ఎట్ల తయారైతదో అడగలేదు.

దాంట్ల మాయేమీ లేదు. ఉబ్బెత్తుగా మిగిలిన చోట సిరా అంటుతుంది. చెక్కి తీసేసిన చోట కాగితం తెల్లగా ఉంటుంది. పెడనలో కలంకారీ బట్ట మీద అద్దే చెక్క అచ్చుదీ ఇదే సూత్రం.

మా బడిలో ముందు బెండకాయ అడ్డంగా కోసి సిరాలో అద్దించిన. కాగితం మీద పువ్వు పడంగనే పిల్లలు గంతులేసిన్రు. తర్వాత లినోలియం ముక్క తెచ్చిన. అవిసెనూనె, కార్కు పొడి కలిపి గోనెగుడ్డ మీద పరిచి చేసే నేలపరుపు అది. కాసేపు ఎండలో పెడితే మెత్తబడుతుంది. సన్నగీతకు వీ ఆకారపు ఉలి, ఎక్కువ తియ్యడానికి గుండ్రటి మొన ఉలి. ఉలి ముందుకే నడవాలె, రెండో చెయ్యి ఎప్పుడూ దాని వెనకే ఉండాలె. గాజుపలక మీద ప్రెస్సు సిరా పలచగా పరిచి, రోలరుతో అచ్చుకు పూసి, కాగితం వేసి చెంచా వీపుతో రుద్దాలె. మిషను అక్కర లేదు, కరెంటు అక్కర లేదు. ఒక్క అచ్చుతో పదుల కాగితాలు.

ఒక పిల్ల తన పేరు సూటిగ చెక్కితే అచ్చులో తిరగబడ్డది. "ఉల్టా చెక్కితేనే సీదా పడుతదా సారూ?" అన్నది. అవును బిడ్డా, అద్దంలో కనబడ్డట్టు చెక్కాలె.

"బొమ్మలు కడుపు నింపుతాయా?" అని మన కార్యకర్తలే అడుగుతున్నరు. వాళ్లకు ఎలిజబెత్ కాట్లెట్ గురించి చెప్తున్న. బానిసల మనవరాలు, 1915లో వాషింగ్టన్‌లో పుట్టింది. నల్లపిల్ల అని ఒక కాలేజీ సీటు ఇచ్చి గుంజుకున్నది. 1946లో మెక్సికో పోయి, అక్కడ 1937లో మొదలైన ప్రజా ముద్రణశాలలో పనిచేసింది. 1952లో పాలికి సేద్యం చేసే నల్లజాతి ఆడమనిషిని లినోలియం మీద చెక్కింది. తల మీద వెడల్పు గడ్డిటోపీ, మెడకాడ పిన్నీసు. పేదరికం ఆ పిన్నీసులో ఉన్నది, ముఖంలో మాత్రం దీనత్వం లేదు.

మనల్ని ఇతరులు గీసినప్పుడు ఎట్ల గీస్తున్నరు? ఎముకలు తేలి, చేతులు చాపి. మనం వేసుకునే ఫ్లెక్సీల సంగతేంది? లీడర్ల ముఖాలు పెద్దగ, బాబాసాహెబు ఒక మూలకు. డబ్బులిచ్చినోడిదే బొమ్మ.

ఆరె, రంపె పట్టిన చేతులకు ఉలి కొత్త గాదు. వచ్చే ఏప్రిల్ 14కు ఫ్లెక్సీ పైసలల్ల కొంత మిగిలించి, వాడకొక అచ్చు చెక్కుదాం. మీ అవ్వ ముఖం చెక్కుండ్రి. కూలికి పోయే అక్క ముఖం చెక్కుండ్రి. మన ముఖం మీద ముద్ర ఇంకొకడు ఎందుకు వెయ్యాలె?